చదువు సరే... కొలువు మాటేంటి?

చాపరాయి జలపాతం చూసి తిరిగెళ్లే పర్యాటకులకు డుంబ్రిగుడ పిల్లల పుస్తకాల సంచులు అంతగా కంటపడవు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిషు. ఇన్ని భాషలు దాటి పదో తరగతి గట్టెక్కాకే పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం దక్కేది. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రెండున్నర లక్షల రూపాయలు మించని గిరిజన విద్యార్థులకోసం ఉన్న కేంద్ర పథకమిది. దాంతో చోళ్లు, కాఫీ గింజలు అమ్మి ఫీజు కట్టే బాధ తగ్గుతుంది.

మరి ఆ తర్వాత? చదివిన బిడ్డకు మన్యంలో ఎదురుగా కనిపించే కొలువు పంతులు ఉద్యోగం. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనంటూ 2000లో జీవో నంబరు 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషను చెల్లదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు షరతుల మీద నిలిచాయి. బీఈడీ చేస్తున్నవారికి మాత్రం పోటీ పెరిగింది.

వేరే దారులూ లేకపోలేదు. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. పాడేరుకు వైద్య కళాశాల వచ్చింది. డాక్టరు కావాలన్నా, నర్సు కావాలన్నా ఇప్పుడు కొండ మీదే ఓ గమ్యం కనిపిస్తోంది.

అయినా ఒకటో తరగతిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పసివాడికి వాడి భాషలో పలకరించే పంతులు కావాలి. ఆ అవసరం ఏ తీర్పుతోనూ తీరిపోలేదు.