రెక్కలో మిగిలిపోయిన మెలిక

చింతాద్రిపేటకు దగ్గర్లోని ఐలాండ్ గ్రౌండ్స్‌లో 1910లోనే జాకొమో డి ఏంజెలిస్ విమానం ఎగరేసి చూపించాడు. గాల్లోకి ఎగరాలన్న సరదా చెన్నైకి పాతదే. ఇప్పుడు స్కైడైవింగ్ అనగానే అందరూ పారాషూట్ గురించే అడుగుతారు. మరి ఎక్కే విమానం సంగతి?

2019 జూన్ 21న హవాయిలో టేకాఫ్ అయిన కాసేపటికే స్కైడైవర్లను తీసుకెళ్తున్న కింగ్ ఎయిర్ విమానం ఒకటి కూలి, అందులోని 11 మందీ చనిపోయారు. అదే విమానం 2016లో కాలిఫోర్నియా మీద గింగిరాలు కొట్టింది. తోకలో ఒక ముక్క ఊడిపోయింది. డైవర్లు దూకేశారు, పైలట్ ఎలాగోలా కిందికి దించాడు. తోక బాగుచేశారు గానీ, ఎడమ రెక్కలో మెలిక అలాగే ఉండిపోయింది. పైలట్ దూకుడు టేకాఫే ప్రధాన కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ మెలికనూ, నిబంధనలు చాలకపోవడాన్నీ తప్పుపట్టింది.

మన దగ్గరా ప్రమాదాలు లేకపోలేదు. తమిళనాడులోని సేలంలో 2014 ఏప్రిల్‌లో పారాషూట్ సరిగా తెరుచుకోక ఓ యువతి ప్రాణం పోయింది.

ప్రాణం పోతే పోలీసు కేసు ఉంటుంది. త్రుటిలో తప్పిన గండాల సంగతేమిటి? టేకాఫ్‌లో మొరాయించిన ఇంజిన్, చిక్కుపడిన తాడు... ఇవన్నీ ఒక రిజిస్టర్‌లో రాసి ఉండాలి. 2022లో జాతీయ వైమానిక క్రీడల విధానం కూడా వచ్చింది. ఇకనైనా డబ్బు కట్టే ముందు ఆ రిజిస్టర్ చూపించమని క్లబ్బుల్ని గట్టిగా అడగాలి.