రుద్రమ్మ చేతికి ఏ కత్తి?

ఇల్లాళ్లకు కత్తుల గొడవెందుకు అని నవ్వకండి. కత్తిపీట కొనేటప్పుడు మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పీట కదలకుండా ఉందా, అలుగు ఊగుతోందా అని పట్టి చూసి మరీ తెచ్చుకుంటాం. అదే స్కూలు నుంచి పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, నేను రాణీ రుద్రమను, నాకు కవచానికి తగ్గ కత్తి కావాలె" అంటే మాత్రం ఫ్యాన్సీ షాపులో కంటికి మెరిసినదాన్ని పట్టుకొచ్చేస్తాం. నిరుడు మా చిన్నదాని పుణ్యమా అని ఈ సంగతి కాస్త లోతుగా చూడవలసి వచ్చింది. మీ ఇళ్లలోనూ ఆడపిల్లలుంటారు, స్కూలు వార్షికోత్సవాలుంటాయి కదా. అందుకే రాస్తున్నాను.

మాది యాదగిరిగుట్ట. కవచం అంటే మా ఊళ్లో అందరికీ దేవుడికి తొడిగే తొడుగే గుర్తుకొస్తుంది. మనిషి తొడుక్కునే కవచం మా ఇంటికి రావడం అదే మొదలు. మా ఆడబిడ్డ కూతురు హైదరాబాద్‌లో కాలేజీ నాటకానికి కుట్టించుకున్నది మా పాపకు పంపింది. మందపాటి రెక్సిన్ మీద చేప పొలుసుల్లా పరిచిన ఇత్తడి రంగు బిళ్లలు, భుజాలకు రెండు రేకులు, ముంజేతులకు పట్టీలు. నడుము దగ్గర నాలుగు కుట్లు బిగిస్తే ఏడో తరగతి పిల్లకు సరిగ్గా సరిపోయింది. అన్నీ ఉన్నాయి, కత్తి ఒక్కటే లేదు.

టీచరమ్మను అడిగితే, "రాణి కదండీ, నగలు నిండుగా వేయండి చాలు. కత్తి సేనాపతి వేషం వేసే బాబుకు ఇస్తాం" అన్నది. ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ కూడా అదే మాట. "ఆడపిల్ల చేతికి కత్తెందుకే? ఓ తామరపువ్వు పెట్టు, సక్కగుంటది" అన్నది. పాప ముఖం చిన్నబోయింది. "నానమ్మా, కత్తి లేకుంటే నేను రుద్రమ్మనని ఎట్ల తెలుస్తది? పెండ్లికూతురు అనుకుంటరు" అన్నది.

ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. నిజమే కదండీ! గణపతిదేవుడికి కొడుకుల్లేక కూతురికి రాజ్యం అప్పజెప్పాడు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే రాశారు. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఏలిన మనిషి. ఆమె చివరి కబురు మనకు తెలిసింది ఎక్కడో అనుకునేరు, మన నల్లగొండ జిల్లాలోనే. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానమిచ్చి వేయించాడు. కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ పోయారని ఈ శాసనాన్ని బట్టి చరిత్రకారులు చెబుతారు. ముసలితనంలో కూడా యుద్ధానికి కదిలిన మనిషికి మనం వేషం కట్టి, కత్తి తీసేసి తామరపువ్వు పెడితే ఏం బాగుంటుంది చెప్పండి? ఇదంతా మా అత్తమ్మకు విడమరిచి చెప్పాను. "నకిరేకల్ దగ్గర్నా?" అని ఆమె కాసేపు ఊరుకుండిపోయింది. ఆమె పుట్టిల్లు ఆ పక్కనే మరి.

సరే, కత్తి కావాలి. ఏ కత్తి? నాటకాల సామాను అద్దెకిచ్చే షాపుకు పోతే మూడు రకాలు నా ముందు పెట్టారు.

మొదటిది ఇంగ్లీషు సినిమాల్లో కనిపించేది. నిటారు అలుగు, పిడి దగ్గర కూడిక గుర్తులాగా పొడుగు అడ్డపట్టీ, వెండిలా ధగధగ. రెండోది వంపు తిరిగిన తల్వారు. పిడి చివర చిన్న పళ్లెం లాంటి బిళ్ల ఉంటుంది. పెళ్లికొడుకులు షేర్వాణీ మీద పట్టుకుని ఫొటో దిగేది అదే. మూడోది మూలన పడేసి ఉంది. పొట్టిగా, వెడల్పుగా, రంగు వెలిసిపోయిన చెక్క కత్తి. భాగోతాల వాళ్లది కాబోలు.

చూడ్డానికి మొదటి రెండే బాగున్నాయి. కానీ పాపకు కవచం తొడిగి, ఒక్కొక్కటే చేతికిచ్చి చూస్తే తేడా తెలిసింది. చీరకు జాకెట్టు ముక్క ఎంచినట్టే అనుకోండి. విడిగా ఎంత బాగున్నా పక్కన పెడితేనే అసలు రంగు బయటపడుతుంది.

కవచానికీ కత్తికీ ఉన్న చుట్టరికం ఏమిటో అప్పుడు చదివి తెలుసుకున్నాను. యూరప్‌లో ముందు ఇనుప కడియాలు అల్లిన చొక్కాలు వేసుకునేవారు. వాటి కాలంలో నరకడానికి వెడల్పాటి కత్తులు ఉండేవి. 14వ శతాబ్దంలో ఒళ్లంతా ఇనుప రేకులు కప్పే కవచాలు పెరిగాక నరికితే లాభం లేకపోయింది. అతుకుల సందుల్లో పొడవడానికి మొన సన్నగా ఉండే కత్తులు చేశారు. అంటే కవచం మారితే కత్తి మారిందన్నమాట. కాబట్టి అడ్డపట్టీ కత్తి పెద్ద హోటళ్లలో మెట్ల పక్కన నిలబెట్టే ఇనుప మనిషి చేతికైతే నప్పుతుంది. మా రుద్రమ్మకు కాదు.

తల్వారు మన దేశపుదే, అందమైనదే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినవాళ్లకు తెలుసు, కత్తులు, బాకులు, ఇనుప అల్లిక చొక్కాలు ఎన్నెన్నో. అయితే పళ్లెం పిడి ఉన్న ఆ తల్వారు మొగలాయిల కాలంలో బాగా వాడుకలోకి వచ్చింది. రుద్రమ్మ పోయిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాతి మాట.

మరి ఆమె కాలపు కత్తి ఎలా ఉండేది? దానికి మనకు రాళ్లే సాక్ష్యం. వరంగల్ కోటలో రుద్రమ్మదేనని చరిత్రకారులు చెప్పే శిల్పం ఒకటుంది. సింహం మీద ఎక్కిన వీరవనిత, చేతుల్లో పొట్టి కత్తి, డాలు. మన పల్లెల్లో ఊరి బయట పసుపు కుంకుమ పెట్టి మొక్కే వీరగల్లులను కూడా ఈసారి కాస్త ఆగి చూడండి. వాటిమీద వీరుల చేతుల్లో కనిపించేవి ఎక్కువగా పొట్టి కత్తులే. పళ్లెం పిడి తల్వార్లు కావు.

అంటే షాపులో మూలన పడి ఉన్న ఆ చెక్క కత్తే అసలుదానికి దగ్గర! కానీ అది మొన దగ్గర విరిగి ఉంది. దాని కొలతలు తీసుకుని వచ్చి మా వీధి వడ్లాయనతో కొత్తది చేయించాం. ఎలాగంటే...

పొడవు ముందు చూడండి. పిల్ల నిలబడి చేయి కిందికి వదిలి కత్తి పట్టుకుంటే మొన నేలకు బెత్తెడు ఎత్తులో ఉండాలి. మా పాపకు పిడితో కలిపి 26 అంగుళాలు వచ్చింది. అసలు ఉక్కు కత్తులు సుమారు కిలో బరువుంటాయి. పిల్లలు దాన్ని ఎత్తి పద్యం చెప్పేసరికి చేయి వణుకుతుంది. తేలిక చెక్కే మేలు.

అలుగు మధ్యలో కాస్త మందం ఉంచి అంచులు, మొన గుండ్రంగా గరుకు కాగితంతో రుద్దించండి. రంగు దగ్గర జాగ్రత్త. ఉట్టి వెండిరంగు వేస్తే బొమ్మలాగా ఉంటుంది. అందులో నాలుగు చుక్కల నలుపు కలిపితే ఇనుము వన్నె వస్తుంది. పిడికి మాత్రం కవచం బిళ్లల రంగే, అంటే పాత ఇత్తడి రంగు. అప్పుడు రెండూ ఒక్క ఇంటివి అనిపిస్తాయి. ఇత్తడి రేకు పని చేసేవాళ్లు మాకు దగ్గరే, జనగామ పక్కన పెంబర్తిలో ఉన్నారు. కానీ ఒక్క రోజు నాటకానికి అంత ఖర్చు ఎందుకని రంగుతోనే సరిపెట్టాం. పిడి చుట్టూ నూలు తాడు గట్టిగా చుడితే చెమటకు జారదు. ఒరకు మందపాటి అట్ట, దానిమీద పాత వెల్వెట్ జాకెట్ గుడ్డ. కుడిచేతి వాటం పిల్లకు ఒర ఎడమ నడుముకే కట్టాలి.

ఇంకో ముఖ్యమైన మాట. కవచం తొడిగాకే కత్తి తీయడం అలవాటు చేయించండి. భుజాల రేకులు అడ్డొచ్చి చేయి పైకి లేవదు. పొడుగు కత్తి అయితే ఒరలోంచి సగం వచ్చి ఆగిపోతుంది. మా పాప వారం రోజులు వంటింట్లో నా వెనకాల తిరుగుతూ దూసింది.

అసలు ఉక్కు కత్తి కొనాలనే సరదా ఎవరికైనా ఉంటే చెబుతున్నాను. 9 అంగుళాలు దాటిన పదునైన అలుగులకు ఆయుధాల చట్టం ఉంది, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. పిల్లలున్న ఇంట్లో ఆ గోల వద్దు.

2015లో గుణశేఖర్ తీసిన రుద్రమదేవి సినిమాలో అనుష్కను చూశాక ఆడపిల్లలకు ఈ వేషం మీద మోజు బాగా పెరిగింది. మంచిదే. కానీ సినిమా నగలు చూసి మురిసిపోయి ఊరుకోకుండా, పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఒకప్పుడు ప్రపంచంలో పేరుపొందిన డమాస్కస్ కత్తులకు ఉక్కు మన తెలంగాణలోని కోనసముద్రం నుంచి కూడా పోయేది. నిజామాబాద్ జిల్లాలోని ఆ పల్లెకు ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. కత్తి అంటే పరాయి ముచ్చట కాదు, మన మట్టిలో పుట్టినదే.

చేయించిన కత్తి తీసుకెళ్లి టీచరమ్మకు చూపించి, చందుపట్ల శాసనం సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అయితే సేనాపతికీ ఇలాంటిదే చేయించండి, ఇద్దరూ కలిసే దూస్తారు" అన్నది. వడ్లాయనకు ఇంకో కత్తి పని దొరికింది. ఇక మా అత్తమ్మ సంగతంటారా, ఒరకు కుట్టిన వెల్వెట్ గుడ్డ ఆమె పెట్టెలోదే!

అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఈసారి మీ పిల్లకు వీరవనిత వేషం వస్తే ఆమె ఎప్పటి మనిషో ముందు కనుక్కోండి. కవచం తొడిగి అద్దం ముందు నిలబెట్టండి. ఆ తర్వాతే కత్తి ఎంచండి. రుద్రమ్మ చేతికి పొట్టి కత్తి, డాలు. ఝాన్సీ లక్ష్మీబాయి అయితే వంపు తల్వారు చక్కగా నప్పుతుంది. నగలు ఒకటి తక్కువైనా పర్వాలేదు గానీ, పిల్ల చేతిలో కత్తి మాత్రం తీసేయకండి.