పెళ్ళికి ముందు పాపికొండలు

పెళ్ళి నిశ్చయమైన మిత్రుణ్ణి రెండు రోజులు ఎక్కడికైనా తీసుకుపోయి సరదాగా తిప్పుకురావడం ఈ మధ్య మన పట్టణాల్లోనూ ఆచారమైపోయింది. దానికి బాచిలర్ పార్టీ అని పేరు. కుర్రకారైతే గోవాకు రైలెక్కుతారు. మా పెళ్ళికొడుక్కి ముప్ఫయి ఎనిమిదేళ్ళు. మా కాలేజీలోనే చరిత్ర చెబుతాడు. తండ్రి పోయాక ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, ఇంటిమీది అప్పు తీర్చేసరికి తన పెళ్ళి వెనకబడింది. విద్యార్థుల వెంట వెళ్ళడమే తప్ప సరదాకని ఒక్క ఊరూ చూసి ఎరగడు. అందుచేత ఖమ్మంలోని మిత్రులం నలుగురం కూర్చుని, ఒక శని ఆదివారాలు అతని కోసం కేటాయించాలని తీర్మానించాము.

పెళ్ళి మాఘంలో. పుష్యం శూన్యమాసం గనక ముహూర్తాల ఒత్తిడి ఉండదు. సంక్రాంతి రద్దీ కూడా తగ్గాక బయలుదేరి, మొదటిరోజు భద్రాచలం, రెండవరోజు పాపికొండలు చూడాలని తేలింది. బ్రహ్మచారి వీడ్కోలుకు భద్రాచలమా అని మీరు నవ్వవచ్చు. అక్కడి రాముడు సీతమ్మను ఎడమ తొడమీద కూర్చోబెట్టుకునే దర్శనమిస్తాడు మరి!

చిక్కల్లా పెళ్ళికొడుకు తల్లిగారి దగ్గర వచ్చింది.

“పెళ్ళికొడుకును చేశాక పొలిమేర దాటకూడదు నాయనా!” అన్నారామె.

“అంతకు పదిరోజుల ముందే తిరిగివస్తాము పిన్నిగారూ!”

“పర్ణశాల మాత్రం వద్దు. సీతమ్మ మొగుడికి దూరమైన చోటు.”

సరేనన్నాము.

“పడవ కూడా వద్దు.”

దీనికి మాలో ఎవరికీ జవాబు తోచలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదగోదావరిలో లాంచీ మునిగిపోయిన సంగతి ఎవరు మరిచిపోతారు? వరంగల్లు వైపు నుంచి సరదాగా వెళ్ళినవారు కూడా అందులో పోయారు. ఇది జనవరి, నది తగ్గి ఉంటుంది, లైఫ్ జాకెట్లు లేకపోతే ఒడ్డునుంచే వెనక్కి వస్తామని మేము ఎంతో చెప్పాము. ఆమె వినలేదు.

“పోనీలే అమ్మా, మానేస్తాను,” అన్నాడు మా మిత్రుడు.

ఆమె కొడుకు వంక కాసేపు చూశారు. “ఇన్నాళ్ళూ అన్నీ మానుకుంటూనే ఉన్నావు. వెళ్ళిరా!” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఖర్చు నలుగురం పంచుకున్నాము. పెళ్ళికొడుకు జేబులో చెయ్యి పెట్టకూడదని షరతు. మాలో చిన్నవాడైన కామర్సు మిత్రుడు సీసా మాట ఎత్తాడుగాని, అద్దెకారు డ్రైవరే అడ్డుపడ్డాడు: “సార్, భద్రాచలం దాటితే ఆంధ్రా. నా బండికి పర్మిట్ తీయాలి, మీ సంచీలకు తనిఖీ తప్పదు.” 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, ఊరు మాత్రం తెలంగాణలో నిలిచింది. ఆ విధంగా రాష్ట్ర సరిహద్దే మా వివాదం తీర్చింది.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం బొగ్గు, పాల్వంచ పొగగొట్టాలు దాటాక అడవి గాలి మొదలవుతుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం గట్టున పులిహోర పొట్లాలు విప్పాము. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న కథ మా చరిత్రకారుడు అందుకున్నాడు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోలకొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఉన్న రామదాసు ఆయనే. సారపాక నుంచి గోదావరి వంతెన మీదుగా ఊళ్ళో ప్రవేశించాము. 1965లో ఆ వంతెన వచ్చేదాకా యాత్రికులు పడవమీదే దాటేవారు. స్నానఘట్టంలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చూస్తుంటే, ఈ నదే 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు లేచిందంటే నమ్మబుద్ధి కాలేదు. 43 అడుగులకే ఇక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు.

మరునాడు తెల్లవారుజామునే బయలుదేరి, కూనవరం దగ్గర శబరిని దాటి పోచవరం చేరాము. పిన్నిగారికి ఇచ్చిన మాట ప్రకారం అయిదుగురమూ జాకెట్లు బిగించుకున్నాకే లాంచీ ఎక్కాము. కొంతదూరం పోయేసరికి కొండలు రెండువైపుల నుంచీ దగ్గరకు వచ్చి నదిని ఇరుకు చేశాయి. యంత్రం చప్పుడు కొండకు తగిలి మళ్ళీ మనకే వినబడుతుంది. పోలవరం జలాశయం నిండితే ఈ ఒడ్డున ఉన్న పల్లెలెన్నో నీటిపాలవుతాయి. చూడదలచినవారు ఆలస్యం చేయకండి. వానకాలంలో మాత్రం వద్దు.

పేరంటాలపల్లిలో శివాలయం చూసి దిగివస్తుంటే, కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలూ పూలకుండీలూ అమ్ముతున్నారు. పెళ్ళికొడుకు ఒక పూలకుండీ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

“ఆమెకు ఇలాంటివి ఇష్టమో కాదో తెలియదండీ! మేము మాట్లాడుకున్నది రెండుసార్లే,” అన్నాడు. ఫోను తీశాడుగాని, ఆ కొండల నడుమ సిగ్నలు ఎక్కడిది?

చివరకు కొన్నాడు. డబ్బు తానే ఇచ్చాడు. షరతు సంగతి ఎవరమూ ఎత్తలేదు.

సాయంకాలం కూనవరం చేరగానే ఫోను పలికింది. ముందు, “అమ్మా, ఒడ్డు చేరామే,” అన్నాడు. ఆ తరువాత మరొక నంబరు నొక్కాడు. మేము నలుగురం శబరి వంతెన అందాన్ని శ్రద్ధగా చూడసాగాము. భద్రాచలం దీపాలు కనబడేదాకా ఆ సంభాషణ సాగింది. పూలకుండీ ఇప్పుడు వాళ్ళ కొత్త కాపురంలో కిటికీ దగ్గర ఉంది.