బావ అడిగిన ప్రశ్న

పండగనాడు పిల్లలు కొట్లాడుకోకపోతే అది పండగే కాదని మా అమ్మ అనేది. ఆవిడ ఉద్దేశంలో కొట్లాట అంటే కుడుముల కోసమో, కొత్త బట్టల కోసమో. 2025 వినాయక చవితికి జమ్మలమడుగులో మా అక్కయ్య ఇంట్లో జరిగిన కొట్లాట మాత్రం ఇంగ్లండులో 1968లో పుట్టిన ఒక వాద్యబృందాన్ని గురించి!

ఒక పక్షం మావాడు. పులివెందులలో ఇంజనీరింగు చదువుతున్నాడు. రెండో పక్షం మా మేనల్లుడు. బెంగుళూరులో ఉద్యోగం. ప్రొద్దుటూరులో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నన్ను మధ్యవర్తిగా కూచోబెట్టారు.

ఆ బృందం పేరు బ్లాక్ సబ్బాత్. దాని గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ ఆ జూలై 5న సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ చేసి, 22న కన్నుమూశాడు. అప్పటినుంచి మావాడు మైల పట్టినవాడిలా తిరుగుతున్నాడు. ముద్దనూరు మీదుగా బస్సులో వస్తూ దారిపొడుగునా ఆ పాటలే విన్నాడట. నేను ఒకటి రెండుసార్లు విన్నాను. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంది. ఆ మాట పైకి అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

"హెవీ మెటల్‌కు ఆదిపురుషులు వీళ్లే" అని మావాడి వాదం. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి రికార్డులో, మొదటి పాటలోనే ఆ ప్రక్రియ పుట్టిందంటాడు. ఆ పాటకు ప్రాణం షడ్జం నుంచి ప్రతిమధ్యమానికి వేసే ఒక దూకు. పడమటివాళ్లు దాన్ని దయ్యపు స్వరమన్నారట. మన కల్యాణి రాగంలో చల్లగా పలికే ప్రతిమధ్యమం అక్కడికి వెళ్లి దయ్యమెట్లా అయిందో ఆ దేవుడికే తెలియాలి.

"అది బ్లూసు బావా!" అని మేనల్లుడు అడ్డు తగిలాడు. బ్లూసంటే అమెరికాలో నల్లవాళ్లు తమ కష్టాలను పాడుకున్న బాణీ. వీళ్లు మొదట ఎర్త్ అని పేరు పెట్టుకుని వాయించింది అదేనట. అదీగాక, లెడ్ జెప్లిన్ వాళ్ల మొదటి రికార్డు 1969లోనే వచ్చింది, ఆదిపురుషులు వాళ్లు కారా అంటాడు.

అక్కణ్నుంచి చర్చ ర్యాంకుల మీదికి మళ్లింది. మొదటి రికార్డుకు బ్రిటన్‌లో 8వ స్థానం. అదే ఏడు వచ్చిన 'పారనాయిడ్'కు 1వ స్థానం. మళ్లీ ఆ మెట్టెక్కడానికి 43 ఏళ్లు పట్టింది. 2013లో '13' అనే రికార్డు అక్కడా, అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో వాళ్లకు అదే మొదటిసారి.

"జెప్లిన్ వాళ్లకు బ్రిటన్‌లో వరసగా ఎనిమిది ఫస్టు ర్యాంకులు!" అన్నాడు మేనల్లుడు.

"ర్యాంకును బట్టే విలువ కడితే మన క్లాసులో నిన్నెవరు పలకరించేవాళ్లు బావా?" అన్నాడు మావాడు.

ఇక నేను తీర్పు చెప్పక తప్పలేదు. గొంతు సవరించుకుని, "ముందు లక్ష్యం, తర్వాత లక్షణం. కావ్యం పుట్టాక గదా దానికి పేరు పెట్టేది!" అన్నాను. మా ప్రొద్దుటూరి పుట్టపర్తి నారాయణాచార్యుల వారి 'శివతాండవం' పాఠం చెప్పేటప్పుడు, ఇది ఏ ప్రక్రియ అని నేను మొదటే చెప్పను. గట్టిగా చదువుతాను. ఆ నడకకు వెనక బెంచీవాళ్ల కాళ్లు ఆడతాయి. పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ఇట్లా ఒక ఉపన్యాసమిచ్చాను. ఒప్పుకునో, విసిగిపోయో, ఇద్దరూ ఊరుకున్నారు.

కాసేపటికి మావాడే మెల్లగా అన్నాడు: "పేరు సంగతి సరే నాయనా. ఆ మోత అంత బరువుగా ఎందుకుంటుందో తెలుసా?"

చెప్పాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కూలీ. 1965లో, పదిహేడో ఏట, పని మానేసే ఆఖరి రోజున, యంత్రంలో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఇక గిటారు మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో అతని మీది మేస్త్రీ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. ఎట్లా ఉందని అడిగి, అప్పుడు చెప్పాడట, అది వాయించిన జాంగో రైన్‌హార్ట్‌కు మంటల్లో కాలి రెండు వేళ్లు పనిచెయ్యవని. ఆ కుర్రవాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. సన్నని తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. ఆ బరువు అట్లా వచ్చింది.

అరుగు మీద గోడకానుకుని కూచున్న మా బావ అంతవరకూ నోరు విప్పలేదు.

"ఏ చెయ్యిరా అల్లుడా?"

"కుడిచెయ్యి మామా. నడిమి వేలూ, ఉంగరపు వేలూ."

బావ తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట, కడప బండలు కోసే యంత్రం మా బావ రెండు వేళ్ల కొసలు తీసుకుంది. అంతకుముందు ఆ వీధి భజనకు డోలక్కు ఆయనదే. ఆసుపత్రి నుంచి వచ్చాక పరామర్శకు వెళ్లింది నేను. "ఇంక చాలు బావా, ఇన్నాళ్లు వాయించినావు గదా, కూచుని తాళం వెయ్" అన్నాను. ఓదార్పనుకునే అన్నాను. డోలక్కు దింపి అటక మీద పెట్టింది కూడా నా చేతులే.

ఆ మేస్త్రీ ఏం చదివాడో నాకు తెలియదు. నేను ఎం.ఏ. చదివాను.

"తొడుగు మీద తోలు ఎట్ల అంటించుకున్యాడంటివి?" అని బావ అడుగుతున్నాడు. మావాడు కాగితం తెచ్చి బొమ్మ గీస్తున్నాడు. మేనల్లుడు జెప్లిన్‌ను మరిచిపోయి వాళ్ల నాన్న పక్కన చేరాడు.

మర్నాడు నేను ప్రొద్దుటూరుకు బయల్దేరుతుంటే బావ అటక ఎక్కాడు. డోలక్కు దించి తుడిచాడు. ఒకవైపు తోలు ఎలుకలు కొట్టేశాయి.

"ఆడ మూత వేయించి దసరాకు తీస్కరా" అన్నాడు. అంతకన్న ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

బస్సులో డోలక్కు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. కండక్టరు టిక్కెట్టు కొట్టి, "ఏం సార్, మీరు వాయిస్తారా?" అని అడిగాడు.

"నేను కాదు నాయనా, మా బావ వాయిస్తాడు" అన్నాను.