పాతాళ టాకీస్

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అక్కయ్యా వాళ్ళ ఇంటికింద ఒక సినిమా హాలుంది. తొమ్మిది సీట్లు, ఐదు స్పీకర్లు! టిక్కెట్టు లేదుగానీ నేల, బెంచి, కుర్చీ తరగతులు మాత్రం ఉన్నాయి. పిల్లలు నేల, మేం బెంచి, అమ్మ ఒక్కతే కుర్చీ. దానికి 'పాతాళ టాకీస్' అని పేరు పెట్టింది నేనే. 2023 వేసవిలో అమ్మను తీసుకుని అక్కడికి వెళ్ళి, నాలుగు నెలలు బావగారి పక్కన సుత్తీ, టేపూ పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఆమాత్రం హక్కు నాకుంది!

అక్కడి ఇళ్ళకి నేలమాళిగలు సరదాకి కట్టినవి కావు. చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ లోతు దాటి కిందికి పోవాలి. ఎటూ అంత తవ్వాం, ఇంకాస్త తవ్వితే ఒక గదే వస్తుంది కదా అన్నది లెక్క. 'బేస్‌మెంట్' అంటారు. అందులో నీళ్ళు కాచే యంత్రం, పాత సూట్‌కేసులు, ఇండియానుంచి మోసుకెళ్ళి ఒక్కసారీ వాడని ఇత్తడి బిందెలు ఉంటాయి. అక్కయ్యా వాళ్ళదీ అంతే.

పైన మాత్రం నలుగురికి నాలుగు తెరలు. మేనల్లుడికి ఫోను, మేనకోడలికి టాబ్లెట్, బావగారికి లాప్‌టాప్, అక్కయ్యకి వంటింట్లో సీరియల్. అమ్మ వెళ్ళిన వారానికే అడిగేసింది - "ఏమే, మీ ఇంట్లో అందరూ కలిసి కూర్చునే గది ఏదే?" అక్కయ్య దగ్గర జవాబు లేదు. బావగారు ఆ రాత్రే టేపు పట్టుకుని కిందికి దిగారు.

ఏ ప్రొజెక్టరు కొందామా అని నేను ఉవ్విళ్ళూరుతుంటే, ఆయన రెండు వారాలపాటు నేలకేసే చూశారు! ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ ముక్కని సిమెంటు నేలకి నాలుగువైపులా టేపుతో అతికించి, మర్నాడు తీసి చూశారు. అడుగున చెమ్మ పట్టలేదు. ఓ మూల గొయ్యి, అందులో పంపు ఉన్నాయి. అడుగున ఊరే నీళ్ళని అది బయటికి తోసేస్తుంది. "గాలివానకి ముందు పోయేది కరెంటే కదోయ్!" అని దానికి బ్యాటరీ కూడా తగిలించారు. అక్కడివాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఇడా తుపాను తాలూకు వాన న్యూజెర్సీనీ, న్యూయార్క్‌నీ ముంచెత్తింది. న్యూయార్క్‌లో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది నేలమాళిగల్లో కాపురం ఉంటున్నవాళ్ళే.

ఇంకో విలన్ ఉన్నాడు. తెరమీద కనబడడు. పేరు రేడాన్. మట్టిలోంచి పుట్టి, పునాది పగుళ్ళగుండా పైకొచ్చే వాయువు. రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సిగరెట్టు తర్వాత కారణం ఇదేనంటారు అక్కడి ప్రభుత్వంవాళ్ళు. లీటరు గాలికి 4 పికోక్యూరీలకు చేరితే గొట్టం వేసి బయటికి పంపించెయ్యాలి. మాది అంతకు తక్కువే ఉంది. అమ్మయ్య అనుకున్నాం.

అసలు ఫైటింగ్ కిటికీ దగ్గర మొదలైంది.

అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచే మనిషి. ఎంత మంచి సినిమా అయినా ఇంటర్వెల్ దాటాక ఆవిడ నిద్రపోవడం ఖాయం. నిద్రపోయిన మనిషిని లేపి రెండంతస్తులు ఎక్కించడం ఎందుకు, అక్కడే సోఫా పరుపుమీద పడుకోబెడదాం అంది అక్కయ్య. అక్కడ చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ళ నిబంధనల్లో ఒకటుంది. నేలమాళిగలో పడక వేస్తే, మనిషి దూరి బయటపడగల కిటికీ ఉండి తీరాలి. నేలనుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు, తెరిస్తే 5.7 చదరపు అడుగుల సందు రావాలి. అంటే కాంక్రీటు గోడని రంపంతో కోయించాలి, బయట గొయ్యి తవ్వించాలి, ఆ గోతిలో నీళ్ళు నిలవకుండా కంకర పరవాలి. బావగారు లెక్క వేశారు. ఆయన కలలుగన్న 4కె ప్రొజెక్టరు ఆ కిటికీలోంచి ఎగిరిపోతోంది!

"ఏ సినిమా హాల్లో కిటికీలుంటాయోయ్? చీకటి ఉంటేనే హాలు" అన్నారు నాతో, అక్కయ్యకి వినబడేలా.

అక్కయ్య అప్పడాలు వేయిస్తూనే అంది - "ఏమండీ, మీరు చూసిన హాళ్ళలో ఎర్ర అక్షరాల ఎగ్జిట్ బోర్డు ఉండేది కాదా? ఇక్కడ ఉన్న మెట్లు ఒక్కటే. ఆ మెట్లమీదే పొగ కమ్మితే మా అమ్మ ఎటు వస్తుంది?"

బావగారు రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు గోడ కోసేవాళ్ళకి ఫోన్ చేశారు. 4కె పోయి మామూలు హెచ్.డి. ప్రొజెక్టరు వచ్చింది. 120 అంగుళాల తెర 100కి దిగింది. (నన్నడిగితే, పది అడుగుల దూరంలో కూర్చునేవాళ్ళకి ఆ 100 చాలు. కానీ అలా అంటే ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.) మునిసిపాలిటీ పర్మిట్, వైరింగ్ చూడ్డానికి ఇన్‌స్పెక్టరు రాక, గోడలకి బోర్డులు, రంగులు... అవన్నీ చెబితే మీకు ఆవలింతలొస్తాయి, వదిలేద్దాం.

తెర సంగతి మాత్రం చెప్పాలి. మన టీవీలన్నిటికీ ఉండే 16:9 కొలతే దానిదీ. 1957 నాటి 'మాయాబజార్' వేస్తే బొమ్మ మధ్యలో నిలబడి అటూ ఇటూ నల్లని పట్టీలు మిగులుతాయి. సినిమాస్కోప్ బొమ్మ వేస్తే పైనా కిందా మిగులుతాయి. అమ్మకి ఇది మింగుడుపడలేదు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు'ని 1974లో పన్నెండేళ్ళ వయసులో నేల టిక్కెట్టులో చూసిన మనిషి! "అల్లుడుగారూ, ఇంత ఖర్చుపెట్టి అంత జాగా వృథాగా వదిలేశారేమండీ?" అంది. బావగారు తెరకి రెండువైపులా నల్లటి పరదాలు కట్టారు. 'మాయాబజార్' వేసినప్పుడల్లా పట్టీలమీదికి లాగుతారు. అమ్మ ముచ్చటపడిపోయింది.

జూన్‌లో అక్కడ సూర్యుడు ఎనిమిదిన్నరకి గానీ అస్తమించడు. కిటికీకి మందపు తెర వేసినా అంచులనుంచి వెలుతురు కారుతూనే ఉంటుంది. అందుకని మొదటి ఆట రాత్రి తొమ్మిదింటికి. పిల్లలు ఫోన్లు మెట్లమీద బుట్టలో పడేసి దిగాలి. మొదటి వారం మేనల్లుడు మూడుసార్లు బాత్రూమ్ పేరుతో పైకి పరుగెత్తాడు. ఘటోత్కచుడు దిగాక మాత్రం కదల్లేదు!

అమ్మా నేనూ తిరిగొచ్చేశాం. వేసవిలో వాళ్ళకి శనివారం రాత్రి తొమ్మిదైతే మనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర. ఆ వేళకి ఫోన్ మోగుతుంది. "అమ్మమ్మా, ఇవాళ ఏ బొమ్మ వెయ్యమంటావ్?" అని అవతల మేనల్లుడు. కాఫీ గ్లాసు కింద పెట్టి అమ్మ కాసేపు ఆలోచిస్తున్నట్టు నటిస్తుంది. మొన్న ఆదివారం కూడా 'మాయాబజార్' అనే చెప్పింది. ఇది నాలుగోసారి.