వెస్ట్‌మీడ్‌లో దొరికిన గంటం

వెండి చెంచాలూ తుప్పు తాళాలూ కలిపి పోసిన పళ్ళెంలో అది కనిపించింది. జానెడు పొడవు. ఒక కొన మొనదేలిన ఇనుము, రెండో కొనకు మడిచిపెట్టే చిన్న చాకు, నడుమ ఇత్తడి పిడి. ఉత్తరాలు చింపే భారతీయ కత్తి అని చీటీ కట్టి ఉంది. సిడ్నీలో వెస్ట్‌మీడ్ స్టేషన్‌కి కాస్త దూరంలోని పాత సామాన్ల కొట్టు అది. తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సాయంత్రం నడకకు వెళ్ళి లోపలికి దూరాం.

నాన్న దాన్ని అందుకుని కళ్ళద్దాలు పైకి జరిపారు.

“ఉత్తరాలు చింపడమేమిట్రా! ఇది తాటాకు మీద రాసే గంటం. చాకు ఆకు అంచులు కోసుకోవడానికి. మా తాత పెట్టెలో ఉండేది.”

ఆ తాత కరణం. లెక్కలు కాగితం మీదికి వచ్చేశాక కూడా తన తండ్రి గంటాన్ని దాచుకున్నారట. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక ఇల్లు అమ్మేశారు. పెట్టె ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు.

కొట్టు నడిపే పెద్దావిడ మా మాటలు విని, వాకిట్లో రాలిన తాళజాతి చెట్టు మట్ట నుంచి ఒక ఆకు చీల్చి తెచ్చారు. నాన్న స్టూలు మీద కూర్చున్నారు. గంటాన్ని కుడి పిడికిట పట్టి, మొనను ఎడమ బొటనవేలి గోటికి ఆనించి, ఆ వేలితోనే నెడుతూ ఆకును కొద్దికొద్దిగా జరిపారు. పూర్వం రాతగాళ్ళు ఆ గోరు పెంచి గాడి చేసుకునేవారు. మొన ఈనె వెంట బలంగా సాగితే ఆకు చీలుతుంది. మన లిపి గుండ్రబడడానికి అదీ ఒక కారణమంటారు.

“శ్రీరామ” అని రాశానన్నారు నాన్న. మాకేమీ కనబడలేదు. అమ్మ సంచీలోంచి కాటుక పెన్సిల్ తీసి ఆకంతా రుద్ది, కొంగుతో తుడిచింది. నల్లగా మూడక్షరాలు! పెద్దావిడ నోట మాట లేదు. నిజానికి ఆకును ముందు ఉడకబెట్టి ఆరబెట్టాలి, రాశాక దీపపు మసి నూనెలో కలిపి రుద్దాలి.

అదిక్కడికి ఎలా చేరిందని అడిగితే, ఒక పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చిందని మాత్రం చెప్పారు. పందొమ్మిదో శతాబ్దంలో న్యూ సౌత్ వేల్స్ గుర్రాలు ఓడల్లో మద్రాసు వెళ్ళేవి. అక్కడి సైన్యం వాటిని వేలర్లనేది. వాటిని అమ్మడానికి వెళ్ళినవాడెవడైనా తిరుగు ఓడలో తెచ్చుకున్నాడేమోనని నా ఊహ.

బ్రౌన్ దొర పోగుచేసిన తాటాకు ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటిని రాసిన గంటాలు మాత్రం ఇలా చెంచాల మధ్య చేరుతున్నాయి. నాకది కష్టంగా ఉంది.

కొన్నాం. తెనాలి తీసుకెళ్ళమంటే నాన్న ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఎడమ బొటనవేలు చూశారు.

“గోరు ఇంకాస్త పెరగాలమ్మా. ఈలోగా ఆకులు ఉడకేద్దాం.”