గాలి పట్టిన బోటు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. విశాఖ చేపలరేవులో ఆ రెండు నెలలూ సుత్తి మోతలే. చెక్కలకు రంగులు, వలలకు అతుకులు, ఇంజన్లకు మరమ్మతులు. అసలు పరీక్ష ఆఖరి రోజునే. ఐసు, డీజిలు, బియ్యం బస్తాలు అన్నీ ఎక్కేశాక, పంపు బాగుచేయించిన ఇంజను మాత్రం తిరుగుతుందే తప్ప అందుకోదు! ఐసు కరిగేకొద్దీ సరంగు మొహంలో రంగు మారుతుంది.

రేవులో తలపండిన మెకానిక్కు ముందు పొగగొట్టం చూస్తాడు. పొగే లేదంటే నాజిళ్లదాకా డీజిలు అందడంలేదన్నమాట. స్టాప్ లీవరు లాగి వదిలేశారేమో చూస్తాడు (నవ్వొచ్చినా, జరిగేదే). అదీ కాకపోతే పైపుల్లో గాలి పట్టినట్టే. ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి హ్యాండు పంపు కొడుతుంటే నురగ వస్తుంది. బుడగలు ఆగి డీజిలు ధారకట్టాక బిగిస్తాడు. తర్వాత నాజిళ్ల దగ్గర నట్లు వదులుచేసి ఇంజను తిప్పిస్తాడు. డీజిలు చిమ్మగానే ఒక్కొక్కటే బిగింపు. అక్కడ చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూరిపోతుంది.

తెల్లపొగ వస్తున్నా ఇంజను అందుకోకపోతే మాత్రం కథ వేరు. పంపు గేరు ఒక పన్ను తప్పి కూర్చుందేమో! మళ్లీ విప్పాల్సిందే. అప్పటికే పక్క బోట్లు రేవు దాటుతుంటాయి.